నలభై మీటర్ల ఎత్తున కరకర

ఆ కొత్త భవనం దగ్గర పనిచేసేవాళ్లందరూ అతన్ని పైవాడు అనే పిలిచేవారు. టవర్ క్రేన్ నడిపేది అతనే మరి. కాంక్రీటు తొట్టె పైకి వెళ్లాలన్నా, ఇనుప చువ్వల కట్ట కిందికి దిగాలన్నా అతని చెయ్యి కదలాలి. ఈ అంతస్తు ఎప్పటికి పూర్తవుతుందయ్యా అని ఎవరైనా అడిగితే, మేస్త్రీలు తల పైకెత్తి "అంతా పైవాడి దయ" అనేవారు.

పైవాడికి యాభై రెండేళ్లు. పొద్దున్నే నిచ్చెన ఎక్కి, నలభై మీటర్ల ఎత్తునున్న అద్దాల గదిలో కూర్చున్నాడంటే మళ్లీ మధ్యాహ్నం భోజనానికే దిగడం. అక్కడ అతనికి తోడు రెండే. ఒకటి, వాకీటాకీలో వినిపించే సిగ్నల్ చెల్లెమ్మ గొంతు. ఆమె కింద నిలబడి, ఎడమకా కుడికా, ఎంత దించాలో ఎక్కడ ఆపాలో చెబుతుంది. రెండోది, సీటు పక్కన పెట్టుకునే బంగాళాదుంప చిప్స్ ప్యాకెట్టు. రెండింటికీ అప్పుడప్పుడు పడేది కాదు.

"అన్నా, నా చెవిలో కంకర పోస్తున్నావా ఏంటి?" అనేది చెల్లెమ్మ. అతను నమలడం ఆపి, వాకీటాకీ బటన్ మీంచి వేలు తీసి, మళ్లీ నమిలేవాడు.

ఆ ఏడాది ఫిట్‌నెస్ పరీక్షలో డాక్టరమ్మ అతని చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. కాసేపాగి మళ్లీ చూసింది. మూడోసారి కూడా గాలి కొట్టింది.

"నూట యాభై నాలుగు, తొంభై ఆరు. ఇంట్లో ఉప్పు ఎక్కువ వాడతారా?"

"లేదండీ. మా ఆవిడ చప్పగానే వండుతుంది."

"మరి బయట?"

పైవాడు గోడమీది క్యాలెండరు వైపు చూశాడు. "చిప్స్ తింటానండీ. రోజుకో ప్యాకెట్టు." ఆమె చూపు తిప్పుకోకపోవడంతో "రెండు" అన్నాడు. లేచి తలుపు దాకా వెళ్లాక వెనక్కి తిరిగి, "ఒక్కోరోజు మూడు" అని కక్కేశాడు.

"ఆరు వారాల తర్వాత రండి. ఈలోగా ఉప్పు తగ్గించండి, రోజూ నడవండి. అప్పటికీ ఇలాగే ఉంటే మందు మొదలుపెట్టాలి. బీపీ కుదుటపడేదాకా క్రేన్ ఎక్కొద్దని రాయాల్సి వస్తుంది."

ఇరవై మూడేళ్లుగా క్రేన్ గదుల్లోనే కూర్చున్నవాడు. కింద తను చెయ్యగల పని ఏముందో అతనికి ఎంత ఆలోచించినా తట్టలేదు.

అతని భార్య పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేస్తుంది. విషయమంతా విని, ఆమె కేకలేమీ వెయ్యలేదు.

"నేను మీ జేబులు తడమను. మీకూ మీ నాలుక్కీ మధ్య పంచాయితీ నావల్ల కాదు. ఒక్కటి మాత్రం చెప్పండి. మీకు కావల్సింది ఉప్పా, చప్పుడా?"

ఇలాంటి ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. కళ్లు మూసుకుని నోట్లో చిప్సు ఉన్నట్టు ఊహించుకున్నాడు. "చప్పుడే అనుకుంటా. పళ్లకింద ఏదో ఒకటి విరగాలి."

"అయితే బతికిపోయాం. చప్పుడుకి ఉప్పక్కర్లేదు."

మర్నాటి నుంచి అతని సంచిలో చిన్న స్టీలు డబ్బా చేరింది. మొదట క్యారెట్టు ముక్కలు. చప్పుడు బాగానే వచ్చింది గానీ నాలుక అలిగి కూర్చుంది. తర్వాత నానబెట్టి ఓవెన్‌లో కాల్చిన శనగలు. మొదటి వాయి రాళ్లలా వచ్చింది. "పళ్ల డాక్టరు దగ్గరికి కూడా పంపిద్దామనా?" అన్నాడు. రెండో వాయికి ఆమె మిరియాల పొడి చల్లి, నిమ్మతొక్క సన్నగా తురిమి కలిపింది. అతను ఒకటి కొరికి, తల పక్కకు వంచి విన్నాడు. రెండోది కొరికి, "ఇది పరవాలేదు" అన్నాడు. బీట్‌రూటు పలచగా తరిగి కాలిస్తే సగం మాడిపోయింది. మాడని సగం కోసం మొగుడూ పెళ్లాలు వంటింట్లోనే పోటీపడ్డారు.

అయినా పగలు గడవడం కష్టంగానే ఉండేది. కాంక్రీటు లారీ ఆలస్యమైతే హుక్కు ఊరికే వేలాడుతుంది, అతనూ ఊరికే కూర్చోవాలి. అప్పుడు చెయ్యి దానంతటదే సీటు పక్కకు వెళ్లేది. అక్కడ ఏమీ లేదని తెలిసినా వెళ్లేది. మనిషికి చిరాకు పుట్టుకొచ్చేది.

తొమ్మిదో రోజున ఆ చిరాకులోనే మీట గట్టిగా లాగాడు. చువ్వల కట్ట ఒక్క కుదుపుతో ఊగింది.

"ఆపన్నా," అంది చెల్లెమ్మ. గొంతు పెంచలేదు. "అలాగే ఉంచు. ఊగడం ఆగనీ. ఇప్పుడు మెల్లగా దించు."

కట్ట భద్రంగా దిగింది. కింద ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. పైవాడు మీట మీంచి చెయ్యి తీసేశాడు.

"ఏమైంది?"

"నవ్వకు చెల్లీ. చిప్స్ మానేశాను."

ఆమె నవ్వలేదు. "ఎప్పుడు ఎక్కువ లాగుతోంది?"

"లారీ కోసం ఆగినప్పుడు. ఆకలి కూడా కాదు."

"అలాంటప్పుడు నన్ను పిలువు. మా నాన్న సిగరెట్ మానినప్పుడు చూశాను, ఆ పావుగంట గడిస్తే చాలు. కాకపోతే హుక్కు ఖాళీగా ఉన్నప్పుడే. బరువు ఎత్తాక కబుర్లు బంద్."

అప్పట్నుంచి లారీ ఆలస్యమైనప్పుడల్లా ఇద్దరూ మాట్లాడుకునేవారు. ఆమె వాళ్ల అత్తగారి పిల్లి చేసే ఆగడాలు చెప్పేది. అతను పైనుంచి కనిపించేవన్నీ చెప్పేవాడు. ఏ మేడమీద ఎవరు దుప్పట్లు ఆరేశారో, లారీ ఏ మలుపులో ఇరుక్కుందో. రెండో సంగతి పనికి కూడా పనికొచ్చింది.

ఆరో వారం చివర, పరీక్షకు ముందురోజు, పొద్దున పదింటికే ఆకాశం నల్లబడింది. గాలి హద్దు దాటిందని క్యాబిన్‌లో ఎర్రదీపం వెలిగింది. అతను క్రేన్ చెయ్యి గాలివాటుకు తిరిగేలా వదిలేశాడు. జోరువాన మొదలైంది.

"దిగొద్దన్నా, నిచ్చెన జారుతోంది. గాలి తగ్గేదాకా అక్కడే కూర్చో," అంది చెల్లెమ్మ. ఆమె కూడా షెడ్డులోకి వెళ్లాల్సి వచ్చింది. వాకీటాకీలో బరబర తప్ప ఇంకేమీ లేదు.

గది ఊగుతోంది. గంటలోపే శనగల డబ్బా ఖాళీ అయింది. చలేసి, మూలనున్న పాత వానకోటు తీసి తొడుక్కుంటే జేబులో ఏదో గరగరలాడింది. ఎన్నడో పెట్టి మరిచిపోయిన చిప్స్ ప్యాకెట్టు. విప్పనిది.

చూస్తూ కాసేపు కూర్చున్నాడు. తర్వాత చించాడు.

మొదటి ముక్క పాత స్నేహితుణ్ణి కలిసినట్టుంది. అయిదో ముక్కకి నాలుక చురుక్కుమంది. ఎనిమిదో ముక్కకి నోరంతా ఉప్పుటేరులో ముంచి తీసినట్టయింది. కంపెనీవాళ్లు ఉప్పు పెంచారా అని ప్యాకెట్టు తిప్పి చూశాడు. అదే ప్యాకెట్టు. మారింది నాలుకే. అయినా అలవాటు పడిన చెయ్యి పన్నెండు దాకా ఆగలేదు. అక్కడ మాత్రం ప్యాకెట్టు మూతి మడిచి పక్కన పడేసి, సీసాలో సగం నీళ్లు గటగటా తాగాడు.

సంతోషించాల్సింది పోయి గుబులు పట్టుకుంది. రేపే పరీక్ష. ఆరు వారాల కష్టం నీళ్లపాలు చేసుకున్నానే అనిపించింది.

సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పకముందే భార్యతో చెప్పేశాడు. "పన్నెండు ముక్కలు తిన్నాను."

ఆమె తువ్వాలు అందించి అతని మొహంలోకి చూసింది. "ఇదివరకు ప్యాకెట్లు కూడా లెక్కపెట్టేవారు కాదు. ఇప్పుడు ముక్కలు లెక్కపెడుతున్నారు. వెళ్లి స్నానం చెయ్యండి."

మర్నాడు డాక్టరమ్మ అతన్ని అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టింది. పట్టీ బిగుసుకుంది, వదులైంది. అతను క్యాలెండరు వైపు చూడలేదు. తన బూట్లనే చూసుకుంటున్నాడు.

"నూట ముప్పై, ఎనభై రెండు," అంది ఆమె. మరోసారి చూసింది. రెండంకెలు అటూ ఇటూ, అంతే.

"నిన్న చిప్స్ తిన్నానండీ," అన్నాడు అతను. దాచుకుంటే ఆ అంకె చెల్లదేమోనన్నంత భయం.

"ఎంత?"

"పన్నెండు ముక్కలు."

డాక్టరమ్మ కలం కింద పెట్టి నవ్వింది. "ఒక్కనాటి పన్నెండు ముక్కలు కాదండీ నన్ను భయపెట్టింది. రోజూ మూడు ప్యాకెట్లు. ఆరు వారాలు చేసింది ఒక్కపూటలో చెరిగిపోదు. ఎప్పుడైనా తినాలనిపిస్తే గిన్నెలో కాసిని వేసుకుని, బల్ల దగ్గర కూర్చుని తినండి. పైకి మాత్రం తీసుకెళ్లకండి. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోండి."

కాగితం మీద ముద్ర పడింది.

వరండాలోకి వచ్చాక అతను బెంచీమీద కూలబడ్డాడు. గుండెలమీంచి కాంక్రీటు తొట్టె ఎవరో మెల్లగా, కుదుపు లేకుండా దించినట్టుంది. ఫోను తీశాడు.

"పాసయ్యాను," అన్నాడు.

అటువైపు భార్య ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"సరే, ఇక పెట్టేయండి. ఇక్కడ ఉత్తరాలు గుట్టపడ్డాయి," అంది చివరికి.

అన్నదే గానీ పెట్టెయ్యలేదు. అతనూ పెట్టెయ్యలేదు. ఫోను చెవికి ఆనించుకుని, అవతల ఆమె ఉత్తరాలు ఒక్కొక్కటే అరల్లో వేస్తున్న చప్పుడు వింటూ చాలాసేపు ఆ బెంచీమీదే ఉండిపోయాడు.