పోలిరాజు తోలిన లారీ

ఒండ్రు వాసన.

సబ్బునీళ్ళతో నాలుగుసార్లు కడిగినా, ఎండలో పెట్టినా, సీటుకి కొత్త రెగ్జిను వేయించినా — తలుపు తీసేసరికి అదే. వరద తీసిన మర్నాడు ఏటిగట్టు మీద వచ్చే వాసన. చల్లగా, పచ్చిగా, మనిషి లోపలికి పాకే వాసన.

ఆనందరావు ప్రతి ఉదయం ఆ తలుపు తీసేవాడు.

ప్రతి ఉదయం ఒక్క క్షణం ఆగేవాడు.

అప్పుడు ఎక్కేవాడు.

ఆ రోజుల్లో అమలాపురంలో మూడుపాయల ట్రాన్స్‌పోర్టు తెలియనివాళ్ళు లేరు. గౌతమి, వశిష్ఠ, వైనతేయ — మూడు పాయలూ కలిసొచ్చేలా ఆ పేరు పెట్టుకున్నారు ఓనరు సూర్యారావుగారు. డెబ్బై రెండులో ఒక్క లారీ. ఎనభై వచ్చేసరికి నాలుగు. అన్నీ ఇంజను ముందుకి పొడుచుకొచ్చిన ముక్కు లారీలే. అంబాజీపేట కొబ్బరికాయలు ఎత్తుకుని ఏరు దాటి, కొండలు దాటి, మన మాట రాని ఊళ్ళకి పోయేవి. తిరిగొస్తుంటే హారను విని ఫలానా బండి, ఫలానా డ్రైవరు అని వీధిలో ఆడవాళ్ళు చెప్పేసేవారు.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు. ఆ బోర్డు లేదు. మూడు లారీలు ఎక్కడ తుక్కయ్యాయో ఎవరికీ తెలియదు.

నాలుగోది మాత్రం గుర్తుంది అందరికీ. నలభై ఏడు. నంబరు ప్లేటు మీద చివరి రెండంకెలే దాని పేరు. అన్నిటికన్నా పాత బండి. పదకొండేళ్ళు ఆనందరావే తోలాడు.

ఒక్క రోజు తప్ప.

ఎనభై ఆరు, ఆగస్టు. గోదావరి గట్ల అంచులు నాకుతోంది. గన్నవరం అవతల, ఏటి మధ్య లంకలవాళ్ళు వందమంది గట్టెక్కి కూర్చున్నారని, లారీ పంపమని కబురొచ్చింది. నలభై ఏడుని పంపుతామన్నారు సూర్యారావుగారు.

ఆనందరావు దుప్పటి ముసుగు పెట్టాడు.

జ్వరం అని భార్య ఎలీసమ్మ చేత చెప్పించాడు. జ్వరం లేదు. భయం. ముందురోజు గట్టు మీద నిలబడి ఆ ఎర్రనీళ్ళు చూసి వచ్చాడు. ఆ నీళ్ళు ఇంకా కళ్ళలోనే తిరుగుతున్నాయి.

తాళం కోసం పోలిరాజు వచ్చాడు. అదే కంపెనీలో ఇంకో డ్రైవరు, ఆనందరావు కన్నా నాలుగేళ్ళు పెద్ద. ఊరు రాజోలు. దారులు మునిగి ఇంటికి పోలేక వారం నుంచి షెడ్డులోనే పడుకుంటున్నాడు. వానలో తడిసిన మనిషి మంచం మీదికి వంగాడు. అరచెయ్యి ఆనందరావు నుదుటి మీద పెట్టాడు. చాలాసేపు ఉంచాడు.

"ఒళ్ళు కాలిపోతోంది తమ్ముడూ. పడుకో. నేను వెళ్ళొస్తాను."

అటునుంచటే గట్టుకి వెళ్ళాడు.

మొదటి ట్రిప్పులో ఆడవాళ్ళనీ పిల్లల్నీ తెచ్చి కొత్తపేట బడిలో దింపాడు. మిగిలినవాళ్ళ కోసం మళ్ళీ వెళ్ళాడు.

గండి పడింది.

పదిహేనో రోజున లారీ దొరికింది... ముక్కు దాకా ఒండ్రులో దిగబడి.

పోలిరాజు దొరకలేదు.

బండి తుక్కు కింద ఇచ్చేయమన్నారు జనం. సూర్యారావుగారు వినలేదు. అంతమందిని దాటించిన బండిని తూకానికి వెయ్యనన్నారు. ఇంజను విప్పించి, కడిగించి, బిగించారు. మార్గశిరంలో నలభై ఏడు మళ్ళీ రోడ్డెక్కింది.

వేరే డ్రైవర్లు ముట్టుకోలేదు. క్లీనర్లు ఎక్కలేదు.

ఆనందరావు కాదనలేదు. ఏ నోటితో కాదంటాడు?

ఒంటరిగా తోలేవాడు. తెల్లారి మంచులో గట్టు పక్క చేలల్లో వంగి ఉన్న మనుషులు, లారీ చప్పుడుకి నిలబడేవారు. చేతులు జోడించేవారు. అతనికి కాదు. పక్క సీటు వైపు.

వాళ్ళు ఎడంపక్కన ఉన్నారు కాబట్టి అనుకున్నాడు.

కుడిపక్కవాళ్ళూ... అతన్ని దాటి, లోపలికి చూసేవారు.

గట్టు మీద జయమ్మ టీ పాక వేసుకుని ఉండేది. మొదటి ట్రిప్పులో బయటపడ్డ మనిషి. ఓ రోజు మిట్టమధ్యాహ్నం బండి ఆపి ఒక టీ చెప్పాడు ఆనందరావు. ఆవిడ రెండు గ్లాసులు తెచ్చింది.

"రెండోది ఎవరికమ్మా?"

"మీ పక్కాయనకండీ."

"నా పక్కన ఎవరూ లేరమ్మా."

జయమ్మ లోపలికి చూసింది. అతని మొహం చూసింది. ఎదురు చెప్పే మనిషి కాదు.

"ఆయ్. అలాగేనండీ," అంది.

గ్లాసు మాత్రం వెనక్కి తీసుకెళ్ళలేదు. అటు తిరిగి వెళ్ళి, ఎడంపక్క కిటికీ అంచు మీద పెట్టింది.

టీ ఆవిరి లోపలికి వంగింది... ఎవరో ఊదుతున్నట్టు.

ఆనందరావు అంబాజీపేట వెళ్ళలేదు. బండి తిప్పాడు. గన్నవరం అక్విడెక్టు వంతెన దాటి, ఎక్కడా ఆపకుండా రాజోలు పోయి, పోలిరాజు ఇంటి ముందు ఆపాడు. వరద వెళ్ళి అయిదు నెలలు. ఆ గడప తొక్కే ధైర్యం అప్పటిదాకా లేకపోయింది.

పోలిరాజు భార్య వెంకటలక్ష్మి అరుగు మీద బియ్యం చెరుగుతోంది. మొహాన బొట్టు ఉంది. మనిషి దొరకందే తియ్యనందిట.

ఆనందరావు అరుగు చివర కూర్చున్నాడు. వీధికి వీపు పెట్టి కూర్చున్నాడు, లారీ కనపడకుండా.

"వదినగారూ... ఆ రోజు నాకు జ్వరం లేదండి."

చేట ఆగలేదు.

"ఆయ్. తెలుసండి."

"ఎలీసమ్మ చెప్పిందాండి?"

"ఆయనే చెప్పేరు. నుదురు చల్లగా ఉందిట. భయపడ్డాడు పాపం, పిల్లలున్నోడు, నువ్వేమీ అనకు అన్నారు."

నుదుటి మీద చెయ్యి వేసిన మనిషి, ఆ చెయ్యి తీసి తిన్నగా గట్టుకి పోయాడు. రాజోలు దారి నీళ్ళలో ఉంది. ఆ నీళ్ళు తీసేసరికి మనిషే లేడు.

"ఎప్పుడు చెప్పేరండి?"

వెంకటలక్ష్మి చేట పక్కన పెట్టింది. చేతులు దులుపుకుంది. అతని భుజం మీదుగా వీధిలోకి చూసి, పమిట సర్దుకుంది — ఇంటికొచ్చే మనిషి కోసం సర్దుకున్నట్టు.

"ఉండండి. దిగుతున్నారు. మీరే అడుగుదురుగాని."

వెనకాల లారీ తలుపు పడింది.

పారిపోవచ్చు. పెరటి దారి ఉంది. లేవలేదు. వెనక్కి తిరిగి చూడనూ లేదు.

కళ్ళు మూసుకుని, అరుగు మీద కాస్త పక్కకి జరిగి... చోటిచ్చాడు.