గాలి పోయే దావ

ఏడో వెంటిలేటరు తాడు బిగుసుకుపోతే యేసురత్నం దాన్ని రెండు చేతులా పట్టి ఒక్క గుంజు గుంజాడు. పైన తలుపు కిర్రుమంది. రాత్రంతా హాలులో మగ్గిన వేడి దారి పట్టింది. నంద్యాలలో దొరల కాలం నాటి ఆ కచేరీలో అటెండరుగా ఇరవై ఆరేళ్లుగా అతని పని అదే. కింది కిటికీలు పొద్దెక్కేలోగా మూయాలి, పై వెంటిలేటర్లు పగలంతా తెరిచి ఉంచాలి, పడమటి వరండాలో వట్టివేళ్ల తడికలు గంటకోసారి తడపాలి. నీళ్లు మోసి మోసి కుడి భుజం బెత్తెడు కిందికి జారింది. నిండు మే నెలలో చల్లగా ఉందని కుర్చీల్లో వాళ్లు మురిసేవాళ్లే గాని, ఎందుకుందని అడిగిన మొహం ఒక్కటీ లేదు.

పదింటికి ఇంజనీరు శేషయ్య నలగని చొక్కాతో, ఇద్దరు వడ్రంగులతో దిగాడు. అది ఎనభై మూడో సంవత్సరం, అందరి నోటా కరెంటు పొదుపే. కిటికీలో కొత్త కూలరు అప్పటికే బిగించారు. ఇక వెంటిలేటర్లన్నిటికీ చెక్కలు కొట్టమన్నాడు. చెక్కలు పడితే ఆ హాలులో తనకిక పని లేదని యేసురత్నానికి తెలుసు.

“సార్, అది నీళ్ల గాలి. లోపలికొచ్చిండేది పోయేదానికి దావ ల్యాకుంటే యాడికి పోతాది?”

“ఏందప్పా, నువ్వు ఏ కాలేజీలో సదివినావ్? సల్లదనమంతా పైన పోతాంటే కరెంటు దండగ గదా.”

“సల్లదనమేమన్నా కుండలో నీళ్లా సార్, మూత పెట్టి దాసేదానికి? ఇది కచేరీ గాదు, ఇడ్లీపాత్ర అయితాది.”

వడ్రంగి కిసుక్కుమన్నాడు. శేషయ్య నవ్వలేదు. పొదుపు రిపోర్టు ముందే టైపయి ఉంది. అందులో ఇడ్లీపాత్రకు చోటు లేదు.

చెక్కలు పడ్డాయి. రెండింటికల్లా గోడలు చెమర్చాయి. గుమాస్తాల చొక్కాలు వీపులకు అంటుకున్నాయి. అధికారి ఆదినారాయణ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, ఇంజనీరు ఎదుటే ఉన్నాడు గనక, “బలే సల్లగుందబ్బా!” అన్నాడు. గుమాస్తాలు ఆవిరిలో తలలూపారు.

యేసురత్నం చూసి చూసి, వెళ్లి తూర్పు కిటికీలు నాలుగూ బార్లా తెరిచాడు.

“ఎవురు తెరిసిండేది?” అధికారి కేకేశాడు.

“నేనే సార్. ఊపిరాడక సస్తాండారు.”

“మాకు సల్లగుందంటాంటే నీకేం నొప్పిరా?”

వడ్రంగులు కిటికీలు మూశారు. నాలుగింటికి ఉత్తర్వు వచ్చింది. యేసురత్నానికి ఆళ్లగడ్డకు బదిలీ, ఈ పూటే బయలుదేరాలి. అతను ఆఫీసు కాపీ మీద సంతకం పెట్టి, ఎవరికీ నమస్కారం పెట్టకుండా మెట్లు దిగాడు. ఐదింటి బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది.

కచేరీలో కూలరు తిరుగుతూనే ఉంది. బల్ల మీద ఆ బదిలీ కాగితం తేమకు మెత్తబడింది. అధికారి సంతకం, అటెండరు సంతకం రెండూ పాకి, ఏది ఎవరిదో తెలియని ఒక్క నీలి మరక అయ్యాయి.