పుట్టువెంట్రుకల కత్తి

దవడ మీద నెత్తురు ఆగడం లేదు. పక్కగదిలో లాప్‌టాప్‌లోంచి టీమ్ వాళ్ళ గొంతులు వినిపిస్తున్నాయి. శశికాంత్ ఒక చెంప మీద సబ్బు నురగ, రెండో చెంప మీద ఎరుపెక్కిన టిష్యూ ముక్కలు. చేతిలో మడతకత్తి తెరిచే ఉంది.

"శశీ, ఆర్ యూ దేర్?" అన్నది లాప్‌టాప్.

వీడియో పెట్టకుండానే నిన్న చేసిన పని, ఇవాళ చేయబోయే పని గడగడా అప్పజెప్పి, మళ్ళీ అద్దం ముందుకు వచ్చాడు. గుమ్మంలో భార్య త్రివేణి నిలబడి ఉంది. నెలలు నిండుతున్న పొట్ట మీద చెయ్యి.

"మళ్ళ కోసుకున్నవా?"

"చర్మం బిగించి పట్టాలంట. నేను సరిగ్గ పట్టలే."

"నీ చెంప నువ్వు బిగించుకుంటవ్. పసివాని నెత్తి ఎట్ల బిగిస్తవ్?"

అతను కత్తి మడిచి, దవడ మీద కొత్త టిష్యూ ముక్క అద్దుకున్నాడు.

ఆదివారం రామమోహన్ మనవడు విహాన్‌కి పుట్టువెంట్రుకలు తీస్తున్నారు. శశికాంత్ పనిచేసే కన్సల్టెన్సీకి రామమోహనే యజమాని. వీసా ఎక్స్‌టెన్షన్ కాగితాలు ఆయన సంతకం కోసం ఎదురుచూస్తున్నాయి. సంతకం పడకపోతే శశికాంత్ దంపతులు అమెరికాలో, ఈ ప్లెయిన్స్‌బరోలోని అద్దె ఇల్లు ఖాళీ చేసి, పురుడు దగ్గర పెట్టుకుని విమానం ఎక్కాలి.

ఇదంతా వనభోజనాల నాడు మొదలైంది. చలి ముదరకముందే పార్కులో పెట్టుకున్న కార్తీక భోజనాలవి. రామమోహన్ భార్య కృష్ణకుమారి పులిహోర వడ్డిస్తూ అడిగింది.

"మీవాళ్ళేం చేస్తుంటారు బాబూ?"

"మా నాయిన బడిపంతులు ఆంటీ."

"అంతకుముందు?"

శశికాంత్‌కి అబద్ధం ఆడే అలవాటు లేదు. "మా తాత క్షవరాలు చేసేటోడు."

"అలాగా," అని నవ్వింది ఆవిడ. నవ్వుతూనే గరిటెను కొంచెం ఎత్తి పట్టుకుని, పైనుంచి పులిహోరను అతని ప్లేటులోకి జారవిడిచింది.

కొన్నాళ్ళకు రామమోహన్ ఫోన్ చేశాడు. "శశీ, చిన్న హెల్ప్ కావాలయ్యా. సెలూన్ వాళ్ళు ఏడాది పిల్లాడి తలకి కత్తి పెట్టం, ఇన్సూరెన్స్ ఒప్పుకోదు అంటున్నారు. మెషిన్ పెడితే మీ ఆంటీ ఒప్పుకోదు. నువ్వున్నావుగా!"

"నాకు రాదు సార్. మా నాయిననే కత్తి పట్టలే."

"రాకపోవడమేంటి, రక్తంలో ఉంటుంది. కోడింగ్ అంటే నేను డబ్బు కట్టి నేర్చుకున్నా. నీకు ఆ బాధ కూడా లేదు. కత్తి నేనే ఆర్డర్ చేస్తా, మీ ఇంటికే వస్తుంది. నీ పేపర్లు కూడా మండే చూసేద్దాం."

కత్తి వచ్చింది. నేర్పడానికి ఎవరూ రాలేదు. ఎవరో తెల్ల ముసలాయన పెట్టిన వీడియోలు చూసి శశికాంత్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. కత్తిని నిలువుగా పెడితే కోస్తుంది. మరీ పడుకోబెడితే జుట్టును పీకుతుంది. వెంట్రుక వాలిన వైపే పొట్టిగా గీయాలి, పక్కకు మాత్రం జరపకూడదు. తెలుసుకోవడం తేలికే కానీ మణికట్టు వినదు. తోలుపట్టీ మీద పదును పెట్టబోయి, అంచు తిప్పి వేసి పట్టీనే కోసేశాడు. తాతను అతను చూడలేదు. కత్తి పట్టడంలో తాత వేళ్ళు ఏ తీరున ఉండేవో చెప్పేవాళ్ళూ ఎవరూ లేరు.

శనివారం ఒక చెంప నున్నగా వచ్చింది. అరచేత్తో తడుముకుని మురిసిపోయాడు. ఆ మురిపెం ఎవరి కోసమో గుర్తొచ్చి చెయ్యి దించేశాడు.

అయినా దేవుడికి మొక్కిన జుట్టు తీయడం తక్కువ పని కాదని అతను మనసారా నమ్మాడు. ఆదివారం తలస్నానం చేసి, కత్తిని స్వామి పటం ముందు పెట్టి దండం పెట్టుకునే బయల్దేరాడు.

రామమోహన్ ఇంటి హాల్లో పూజ జరుగుతోంది. చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టబోతే కృష్ణకుమారి ఎదురొచ్చింది.

"ఇటు కాదు బాబూ, గరాజ్‌లో చాప వేయించా. అయ్యాక అటునుంచే వెళ్ళిపో. భోజనం ప్యాక్ చేయిస్తా. లోపల అందరూ మడితో ఉన్నారు."

"స్నానం చేసే వచ్చిన ఆంటీ."

"అది వేరులే."

దేవుడి కోసం తీసే జుట్టును దేవుడున్న చోట ఎందుకు తీయకూడదు? శశికాంత్‌కి కోపం రాలేదు. అడగాలనిపించింది. అడగకుండానే గరాజ్ వైపు నడిచాడు.

కార్లు బయట పెట్టారు. సిమెంటు నేల మీద చాప, పక్కన చెత్త డబ్బాలు. విహాన్ తల్లి గీతాంజలి పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మేనమామ కౌస్తుభ్ కత్తెరతో మూడు కుచ్చులు కత్తిరించాడు. చప్పట్లు కొట్టారు, ఫోటోలు తీసుకున్నారు. తర్వాత శశికాంత్ కూర్చున్నాడు.

తల తడిపి, నురగ రాసి, చెవి పైనుంచి మొదలుపెట్టాడు. కాసేపు జుట్టు తేలిగ్గా ఊడివచ్చింది. ఇంతలో చల్లటి ఇనుము తగిలి పిల్లాడు ఒక్కసారి తల విదిలించాడు. సన్నటి ఎర్రగీత, గీత చివర బొట్టు.

"డాడీ! బ్లడ్ వస్తుంది! స్టాప్ చెయ్యమను!" గీతాంజలి అరిచింది.

"పసుపు పెడితే అదే ఆగుతుంది. తల గట్టిగా పట్టుకో. ముహూర్తం దాటిపోతోంది," అంది కృష్ణకుమారి, గీత మీద పసుపు అద్దుతూ.

"మెషిన్‌తోని తీద్దాం సార్. బాబు కదులుతుండు. నాకు చాతనైతలేదు," అన్నాడు శశికాంత్.

"అమెరికా వచ్చి కులవిద్య మర్చిపోయాడండీ పాపం!" వెనక నుంచి ఎవరో అన్నారు. గరాజ్ అంతా నవ్వింది.

రామమోహన్ నవ్వలేదు. పక్కన గొంతుక్కూర్చుని మనవడి తలను రెండు చేతులతో అదిమి పట్టాడు. "సగం గుండుతో వీణ్ణి దేవుడి ముందు కూర్చోబెట్టమంటావా? కానివ్వు. రేపు నీ పేపర్లు నేను సైన్ చెయ్యాలా, వద్దా?"

శశికాంత్ రెండు వేళ్ళతో నడినెత్తి చర్మం బిగించాడు. మాడు ఇంకా పూడలేదు. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తుంటే అక్కడి చర్మం ఉబుకుతోంది. వేళ్ళ కింద మెత్తగా ఏదో కొట్టుకుంటోంది. కత్తి ఇప్పుడు దాని మీదుగానే నడవాలి.

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"చెయ్యను సార్."

"రాదు రాదు అని ఇందాకట్నుంచీ..."

"వస్తదో రాదో పక్కన పెట్టుండ్రి. నేను చెయ్యను."

కత్తి తుడిచి, మడిచి, చాప మీద పెట్టాడు. నురగ చేతులతోనే లేచి నిలబడ్డాడు. త్రివేణికి ఏం చెప్పాలో ఇంకా తోచలేదు.

"పోతే పోనీ! కౌస్తుభ్, నువ్వు తియ్యరా," అన్నాడు రామమోహన్.

కౌస్తుభ్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. "నోవే డాడ్. అది నేనెందుకు టచ్ చేస్తాను?"

రామమోహన్ చుట్టూ చూశాడు. ఆయన చూపు పడ్డ ప్రతివాడూ ఒక అడుగు వెనక్కి జరిగాడు. హాల్లోంచి పంతులుగారు తలుపు సందున తల పెట్టి, "ఇంకెంతసేపండీ?" అని అడిగారు. సగం గుండు మీద నుంచి పసుపూ నెత్తురూ కలిసి పిల్లాడి కంట్లోకి జారుతున్నాయి. చాప మీది కత్తి కోసం ఎవరూ వంగలేదు.