నొక్కితే పైకి, ఎత్తితే కిందికి

నేను ఒక గేరు రాడ్డుని. మోటారు సైకిలుకి ఎడమవైపు, కాలు ఆనించే చోట ఉంటాను. మనిషి వేళ్లకి ఉంగరాలు తొడుగుతాడు, మెడకి దండలు వేసుకుంటాడు. నాకు మాత్రం దక్కేది చెప్పుకాలే. అలవాటైపోయింది.

అన్ని రాడ్లలాగా నేను ఒకే ముక్క కాదు. కాలు పెట్టే చెయ్యి ఒకటి, దాన్ని గేరుపెట్టెకి కలిపే చిన్న కడ్డీ ఒకటి. ఆ కడ్డీయే నా కథంతా నడిపింది.

నా మొదటి యజమాని సర్వేయరు అచ్యుతరామయ్య గారు. బూటు పాలిష్ చెడిపోతుందని నాకు సైకిలు ట్యూబు ముక్క తొడిగారు. ఊరి హద్దులన్నీ కొలిచిన ఆ పెద్దమనిషి తన పెరటి గోడ మాత్రం పక్కవాళ్ల స్థలంలోకి రెండడుగులు జరిపి కట్టుకున్నారు. రిటైరయ్యాక బండిని కాసింకి అమ్మేశారు.

కాసిం మెకానిక్కు. జాతరల్లో, తీర్థాల్లో మృత్యుబావి ఆడించే బృందంతో ఊరూరా తిరిగేవాడు. చెక్కలతో కట్టిన పెద్ద గుండ్రటి బావి అది. దాని నిలువు గోడ మీద మోటారు సైకిళ్లు గిరగిరా తిరుగుతుంటే జనం పై అంచున నిలబడి చూస్తారు. బావి సొంతదారు దావీదు, అరవై ఏళ్లవాడు. ఆయన దగ్గర ఆ విద్య నేర్చుకున్న మనిషి నూకరత్నం. పదకొండేళ్లుగా ఆమె బతుకు ఆ గోడ మీదే.

పిఠాపురంలో బావి విప్పుతూ నిచ్చెన మీంచి జారింది నూకరత్నం. ఎడమ చీలమండ బెణికింది. వాపు తగ్గినా ఒక చిక్కు మిగిలింది. పాదంతో కిందికి నొక్కగలదు గానీ పైకి ఎత్తబోతే ప్రాణం పోయేది. ఆమె బండికి మొదటి గేరు నొక్కాలి, తర్వాతవన్నీ కాలివేళ్లతో ఎత్తాలి.

తునిలో బావి కట్టాక దావీదు తేల్చేశాడు. “నాలుగు నెలలు కూకోవే రత్నం. ఒరిస్సా నుంచి ఓ రైడరొత్తానన్నాడు.”

“ఆడొచ్చాక మళ్లీ నన్నెక్కనిత్తారేటండీ?” అంది నూకరత్నం.

దావీదు టిక్కెట్ల బల్ల వైపు నడిచాడు. కాసిం మాత్రం నావైపు చూశాడు.

“నా బండి రాడ్డు నీ బండికేత్తే గేర్లు తిరగబడతాయే రత్నమ్మా. మజ్జిన ఈ కడ్డీ ఉంది సూడు, నువ్వు బయట నొక్కితే లోపల ఎత్తినట్టు. నొక్కితే పైకి, ఎత్తితే కిందికి. మొదటి గేరు నేల మీదే కదా, నేను సేత్తో ఏసేత్తాను.”

“దిగేటప్పుడో?”

“క్లచ్చి పట్టుకుని అదే గేర్లో దిగిపో.”

ఆ పూటే నన్ను విప్పి ఆమె బండికి బిగించాడు. ఆమె రాడ్డు కాసిం బండికి వెళ్లింది. కడ్డీ పోయేసరికి అతని గేర్లూ తిరగబడ్డాయి. పాఠం చెప్పినవాడే పాఠం మరిచాడు. మూడో గేరనుకుని మొదటిది వేసి, రైల్వే గేటు దగ్గర అందరి ముందూ, బృందానికి తెస్తున్న క్యానులో టీ అంతా ఒంటి మీద పోసుకున్నాడు.

నూకరత్నానికి నొక్కడం నేర్చుకోవడం సులువే. ఎత్తడం మరిచిపోవడమే కష్టం. గోడ మీద పొరపాటున ఎత్తిందంటే రెండో గేరు మొదటిదానికి పడి, చక్రం పట్టేసి, బండి కిందికి రాలిపోతుంది. ఆరు రోజులు నేల మీద తిరిగింది. జడ వేసుకుంటున్నా, అంట్లు తోముతున్నా ఆమె ఎడమకాలు నేలను నొక్కుతూనే ఉండేది.

ఆదివారం సాయంత్రం ఆట. అంచు చుట్టూ జనం. దావీదు బావి మధ్యలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కాసిం మొదటి గేరు వేశాడు. గోడ మొదట్లో ఉన్న ఏటవాలు చెక్కల మీద నూకరత్నం నన్ను నొక్కింది, రెండోది పడింది. బండి గోడెక్కింది. ఇక మూడోది. అప్పుడామె వేళ్లు నా కిందికి దూరాయి! పదకొండేళ్ల అలవాటు ఆరు రోజుల పాఠాన్ని పక్కకి నెట్టేసింది. అరుద్దామంటే నాకు నోరు లేదు. ఆమె ఎత్తబోయింది. చీలమండ చురుక్కుమంది. ఆమెను మూల కూర్చోబెట్టాలని చూసిన ఆ నొప్పే అప్పుడు చెయ్యి పట్టి ఆపింది. వేళ్లు వెనక్కి లాగి, కాలు నా మీద పెట్టి గట్టిగా నొక్కింది.

బండి రివ్వున అంచుదాకా లేచింది. ఎవరో ఆడమనిషి చాచిన చేతిరుమాలు అందుకుని నూకరత్నం గట్టిగా నవ్వింది. ఒరిస్సా రైడరుకి దావీదు రావద్దని కబురు పెట్టాడు.

రెండు నెలలకి కాలు పూర్తిగా నయమైంది. కాసిం పానా పట్టుకొచ్చాడు. “ఇంక నీ రాడ్డు నీకెట్టేత్తానే. నా బండితో నేను పడలేకపోతున్నాను.”

“వొద్దండి బాబూ,” అంది నూకరత్నం. “గోడ మీద ఒళ్లంతా కిందికే లాగుతాది. ఆ బరువుతోనే నొక్కితే గేరు పడిపోతుంటే మళ్లీ ఎత్తడం దేనికండీ?”

దావీదు ఆ మాట విన్నాడు. వారం తిరక్కుండా ఎక్కడో పాత సామాన్ల కొట్లో నాలాంటి రాడ్డే ఒకటి వెతికి తెచ్చి, తన బండికి బిగించమని కాసిం చేతిలో పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే, జనం రాకముందు, దావీదు కొత్తగా బండి నేర్చుకునేవాడిలా బావి అడుగున గుండ్రంగా తిరిగాడు. తిరిగిన ప్రతిసారీ గేరు తప్పింది, ఇంజను ఆగిపోయింది. బావి మధ్యలో నూకరత్నం నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“ఎత్తకండి గురువుగారూ, నొక్కండి!”

“నొక్కుతున్నానే!” అని కసిరి, దావీదు మళ్లీ ఎత్తాడు.