జామీను సంతకం

నా బామ్మర్ది రంగయ్య నా పేరు చెడగొట్టాడు, అందులో వాదనేమీ లేదు, ట్రాక్టరు వాడిది, జామీను సంతకం నాది, వాడు కంతులు కట్టలేదు, బ్యాంకు కంప్యూటర్లో ఎగవేతదారుణ్ని నేనయ్యాను, నిరుడు ఇదే గిద్దలూరు బ్యాంకు సిబిల్ స్కోరు తక్కువని నన్ను తిప్పి పంపింది, ఇప్పుడు మళ్లీ అదే కుర్చీ, బల్ల అవతల లోన్లు చూసే ఫెబీ నా ఆధార్ నంబరు కొడుతోంది, స్కోరు పెరిగి ఉంటే బోరుకు అప్పు ఇస్తారు, లేకపోతే ఈ ఎండకు బత్తాయి తోట పొయ్యిలోకే, నా భార్య విజయమ్మ బిందెలతో నీళ్లు మోసి బతికించిన చెట్లు, మనిషి ఎట్లాగూ పోయింది.

పెదనాయనా, పంట అమ్మినాక ఒకేసారి కడతానంటే కుదరదు, నెలనెలా గడువుకు ముందే పడాల, అని నిరుడు ఫెబీ చెబితే పంట నెలనెలా వస్తాదా అమ్మా అన్నాను, పంట రాకపోతే పాల డబ్బులు రావా అంది, అప్పటినుంచి పాలకేంద్రంలో డబ్బులు పడగానే ముందు స్కోరు పెరగాలని ఫెబీ ఇప్పించిన బంగారం లోను కంతు, తర్వాతే నా బీడీ కట్ట, బ్యాంకు చేతికిచ్చిన క్రెడిట్ కార్డులో కొంచెమే వాడాను, కనపడిన ప్రతి బ్యాంకులో అర్జీ పెట్టొద్దంది, పెట్టలేదు, ఇంకొకరికి జామీను ఉండొద్దంది, అది నాకు చెప్పాలా.

పక్క కుర్చీ కిర్రుమంది, రంగయ్యే, వాడికీ ఇక్కడే ఏదో పని, ఏం బావా, గోడతో మాట్లాడతావు గానీ నాతో మాట్లాడవా అన్నాడు, గోడ నా కంతులు ఎగ్గొట్టలేదురా అన్నాను, వాడు నవ్వలేదు, గొంతు తగ్గించి, బావా, ఆ పొద్దు డబ్బులు జేబులో పెట్టుకోని కంతు కట్టను మార్కాపురం ఫైనాన్సు ఆఫీసుకు పోతాంటే అక్క ఫోన్ చేసింది, ఆగురా, మాఫీ వస్తాదంట, ఊర్లో ఎవురూ కట్టడం లేదు, కట్టినోడు ఎర్రినాయన అనింది, పంట అప్పులకే గానీ ట్రాక్టరుకు మాఫీ లేదని మాకేం తెలుసు, డబ్బులు ఖర్చయిపాయె, నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకునింది, అన్నాడు, చచ్చినదాని మీదికి నెడుతున్నాడు దొంగ అనుకోబోయాను, కానీ ఎర్రినాయన, ఆ మాట ఆమెదే, కూరలో ఉప్పు చాల్లేదంటే ఎర్రినాయన, బస్సు తప్పితే ఎర్రినాయన, ఇంకెవరి నోటా నేను వినలేదు, వాడికి కల్పించేంత తెలివి లేదు, అందుకే కాబోలు ఫైనాన్సు వాళ్లు ఇంటికొచ్చిన రోజు ఆమె దొడ్లోనే ఉండిపోయింది, నేను నీ తమ్ముడూ నీ తమ్ముడూ అని అరుస్తుంటే ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు, నేనది సిగ్గనుకున్నాను.

పెదనాయనా, స్కోరు బాగనే పెరిగింది, బోరు ఫైలు పెడతా, అంది ఫెబీ, ఆ పాత ట్రాక్టరు మచ్చ మాత్రం ఇంకా కనపడతాంది, మేనేజరు సారు అడుగుతాడు, కట్టకుండా ఆపిందెవురు, రంగయ్య నావైపు చూశాడు, నేను వాడివైపు చూడలేదు.

నా బామ్మర్దేనమ్మా, అన్నాను, అవునమ్మా, నేనే, అన్నాడు వాడు, వాడిని నేను క్షమించలేదు, జేబులో డబ్బున్న మగవాడు కట్టి ఉండాల్సింది, విజయమ్మ సంగతి వేరు, అది నాతోనే ఉంటుంది, కట్టొద్దన్నది ఆమేనన్న మాట ఇక నా నోట రాదు.