గుమ్మం ముందు ఖాళీ

టైలరమ్మ కుట్టుమిషను ముందుగదిలో కిటికీ పక్కనే ఉంటుంది. జిప్పు మార్పించుకోవడానికి వచ్చినవాళ్ళూ, ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చినవాళ్ళూ ఎదురుగా బల్లమీద కూర్చుని, పని అయ్యేదాకా వీధి సంగతులన్నీ ఆమె చెవిన వేస్తారు. వెళ్ళేటప్పుడు ఆ ఇంటి సంగతులు నాలుగు మూటకట్టుకుని పోతారు. అలాంటి ఇంట్లో ఒక రహస్యం దాచడమంటే సంతలో నిద్రపోవడం లాంటిది. అయినా ఏడాదిపైగా దాచుకొచ్చింది.

రహస్యం అత్తగారిది. రోజు విడిచి రోజు గుమ్మం ముందు ఒక తెల్ల వ్యాను ఆగుతుంది. వెనక తలుపు తెరుచుకుని ఇనప పలక ఒకటి నేలమీదికి దిగుతుంది. చక్రాల కుర్చీతో సహా దానిమీదికెక్కి, అత్తగారు ఆస్పత్రికి డయాలిసిస్‌కి వెళుతుంది. సాయంత్రం పిండేసిన గుడ్డలా తిరిగొస్తుంది. వీధికి మాత్రం మోకాళ్ళ నొప్పులని చెప్పారు.

అలా చెప్పమన్నది ఆవిడే. “మోకాళ్ళయితే ఎవరూ ఏడవరు. అందరికీ ఉన్నవేగా. కిడ్నీలని తెలిస్తే రేపట్నించి నా దగ్గరకొచ్చి గొంతు తగ్గిస్తారు. మా అక్కకి అదే జరిగింది. మనిషి ఎదురుగా కూర్చుని కబుర్లు చెబుతుంటే, దాని మొహంలోకే చూస్తూ ‘పాపం, ఎంత మంచిదో’ అని నిట్టూర్చారు. ఊపిరుండగా నేను పాపం అనిపించుకోను.”

అందుకని ఎదురుగా మందుల షాపు పెట్టుకుని, టైలరమ్మ బస్సెక్కి ఎక్కడికో వెళ్ళి మందులు తెస్తుంది. “తలనొప్పి బిళ్ళ కూడా మా దగ్గర కొనరు, మేమేం అన్యాయం చేశామమ్మా” అని మందుల షాపాయన నిష్ఠూరమాడితే నవ్వి ఊరుకుంటుంది. అత్తగారి ఎడమచేతిమీద, సూదులు గుచ్చేచోట నరం తాడులా ఉబ్బింది. అది కనబడకుండా ఆవిడ బట్టలన్నిటికీ పొడుగు చేతులు కుట్టింది. ఎడమచేతికి కుట్టు పొడవునా లోపలివైపు ప్రెస్‌బటన్లు పెట్టింది. ఆస్పత్రిలో నర్సు లాగితే టపటపా తెరుచుకుంటుంది. మూస్తే అక్కడ గుండీలున్నాయని తోటి టైలరు కూడా పట్టలేడు.

ఈ కాపురంలోకి సైకిళ్ళ దారి వచ్చిపడింది.

టైలరమ్మ భర్త రోడ్ల ఆఫీసులో నక్షాలు గీస్తాడు. వీధిలో అందరూ గీతలాయన అంటారు. రోడ్డుకి ఒక పక్క సైకిళ్ళకోసం విడిగా దారి వేయాలని ఆఫీసులో అనుకున్నప్పుడు, ఆ దారిని షాపులవైపు గీసింది ఆయనే. నక్షా గోడకి అంటించిన రోజే వీధి రెండుగా చీలింది. ఒకపక్క సైకిలు మీద పిల్లని వెనక కట్టుకుని బడికెళ్ళే టీచరమ్మ. బస్సు అద్దం భుజానికి తగిలి ఒకసారి పడబోయిన మనిషి, దారి వేసేదాకా నిద్రపోనంది. ఇంకోపక్క బేకరీ ఆయన.

“అన్నీ ఇళ్ళున్న ఆ వైపు వదిలేసి, పొట్టపోసుకునే మావైపు ఎందుకు గీసినట్టు?” అన్నాడాయన, టైలరమ్మ బల్లమీదే కూర్చుని, ఆమె కుట్టిన ఏప్రను భుజాన వేసుకుని. “నా పిండిలారీ ఎక్కడాగాలి? ఆకాశంలోనా? గీత గీసేవాడికి తన గుమ్మం తీపి చెల్లెమ్మా. నిన్ను అనడం లేదు. ఉన్నమాట.”

టైలరమ్మ తల ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టవుతుందని.

కానీ భుజాలు తడుముకునే మనిషి ఇంట్లో వేరే ఉన్నాడు. ఆ మాట ఆఫీసుదాకా పోయిందని తెలిసిన వారానికి గీతలాయన దారిని షాపులవైపునుంచి తీసి ఇళ్ళవైపుకి మార్చేశాడు. మార్చి, దారికి హద్దుగా స్తంభాలు నిలబెట్టి చూసే రోజు ముందుదాకా ఇంట్లో చెప్పలేదు.

“మన గుమ్మం ముందునుంచా?” అంది టైలరమ్మ. “మరి వ్యాను?”

“ఎదురుగా ఆగుతుంది. రోడ్డు దాటించుకోవాలి, అంతే.”

“బస్సుల మధ్యలోంచి? వచ్చేటప్పటికి ఆవిడకి కళ్ళు తిరుగుతుంటాయి. వెనకవైపు దారైనా లేదు మనకి. మన ఇంటిముందు స్తంభాలు లేకుండా కాస్త ఖాళీ వదలొచ్చుగా.”

“వదిలితే ఎందుకు వదిలావంటారు. అమ్మేమో నోరు విప్పనీయదు. నన్నేం చేయమంటావు? కుండకి మూత వేయగలంగానీ లోకం నోటికి వేయగలమా?”

“అందుకని కన్నతల్లిని రోడ్డుమీద వేస్తారా?”

ఆయన కంచం ముందునుంచి లేచిపోయాడు.

మర్నాడు పొద్దున్న అత్తగారి ఎడమచేతి గుండీలు నొక్కుతూ టైలరమ్మ అడిగింది. “అత్తయ్యా, ఆయన ఆఫీసులో ఇంజనీరమ్మ ఒక్కదానికి చెబుతాను. వీధికి కాదు.”

“ఆవిడకి చెబితే బేకరీవాడికి చెప్పినట్టే. వాడికి చెబితే బన్నుతో పాటు పొట్లం కట్టి అందరికీ పంచుతాడు.”

“పడిపోతే?”

“పడితే లేస్తాను.” అత్తగారు చేయి లాక్కుంది. “అమ్మాయ్, నువ్వు గనక నోరు జారావంటే, రోజుకింతేనని డాక్టరు నా మొహాన పోసే ఆ కాసిని నీళ్ళు కూడా నీ చేత్తో తాగను. వాడంటే పిరికివాడు, నా కొడుకు, నాకు తెలుసు. నిన్ను నమ్మాను.”

ఆ ఆఖరిమాటతో టైలరమ్మ నోటికి కుట్టు పడింది.

మధ్యాహ్నం ఆఫీసు బండి వచ్చి స్తంభాలు దింపింది. రబ్బరు దిమ్మల్లో గుచ్చిన ప్లాస్టిక్ స్తంభాలు. ఇళ్ళవైపు వరసగా పెట్టుకుంటూ పోయారు. మిగిలిన రోడ్డులో బస్సు వస్తే వెనక బండి ఆగాల్సిందే. ట్రాఫిక్ గార్డు ఒకడు మధ్యలో నిలబడి చేతులూపుతున్నాడు. ఇంజనీరమ్మ బేకరీ ముందు నీడలో నిలబడింది. గీతలాయన ఆమె పక్కన టేపు పట్టుకుని నిలబడ్డాడు. జనం పోగయ్యారు. టీచరమ్మ కొత్త దారిలో సైకిలు మీద అటొకసారి ఇటొకసారి తిరిగి, వెనకనున్న పిల్లతో పాటు తనూ చిన్నపిల్లలా నవ్వింది.

“చూశారా మేడం,” అన్నాడు బేకరీ ఆయన ఇంజనీరమ్మతో. “మొదటే ఇలా గీసుంటే ఏ గొడవా లేకపోను. నిజాయితీ ఆలస్యంగానైనా వచ్చింది.”

గీతలాయన టేపు చుట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టాడు.

కిటికీ దగ్గర టైలరమ్మ ఒక కర్టెను అంచు కుడుతోంది. ఆమె కళ్ళు మలుపుమీదే ఉన్నాయి. వ్యాను ముక్కు కనబడగానే గుడ్డలో సూది గుచ్చినది గుచ్చినట్టే వదిలేసి, చెప్పులు కూడా లేకుండా రోడ్డు దాటింది.

“ఏమండీ,” అంది భర్త పక్కన చేరి, గొంతు తగ్గించి. “మన గుమ్మం ముందు రెండు తీయించండి. ఆవిడ దిగేదాకా.”

“ఇప్పుడా? ఇంతమందిలో? ఎందుకని అడుగుతారు.”

“అడగనీయండి.”

“ఏం చెప్పను?” ఆయన చూపు బేకరీ ఆయన మీదికి పోయి వెనక్కి వచ్చింది.

ఆ లోపల వ్యాను అలవాటుగా ఇంటివైపు ఒరగబోయింది. గార్డు ఈల వేసి, చేతులు ఊపి, ఎదురువైపు తోలాడు. డ్రైవరు తల బయటపెట్టి ఏదో అన్నాడు. వెనక బస్సు హారను కొట్టింది. వ్యాను వచ్చి బేకరీ పక్కన ఆగింది. ఇనప పలక కిందికి దిగింది.

అత్తగారు కుర్చీలో ఒక పక్కకి ఒరిగి ఉంది. పెదాలు తెల్లగా ఉన్నాయి. చుట్టూ ఉన్న జనాన్ని చూసి నడుము నిలబెట్టుకుంది. “ఏమిటీ, నాకు స్వాగతమా?” అంది. ఇద్దరు నవ్వారు.

“మోకాళ్ళెలా ఉన్నాయి పెద్దమ్మా?” అన్నాడు బేకరీ ఆయన.

“నీ బన్నులకంటే మెత్తగా ఉన్నాయి.”

టైలరమ్మ కుర్చీ పట్టుకుంది. గార్డు బస్సుని ఆపాడు. సగం రోడ్డు దాటారు. ఇంకో బండి ఆగనా వద్దా అన్నట్టు ముందుకు పాకింది. టైలరమ్మ అడుగు త్వరపెట్టింది. స్తంభాల మధ్య సందు కుర్చీకి చాలుతుందనుకుంది. చాలేదే, ఆ దిమ్మ లేకపోతే. ముందు చక్రం రబ్బరు దిమ్మకి కొట్టుకుని కుర్చీ ముందుకి ఎగిరింది. అత్తగారు పడకుండా ఎడమచేత్తో కుర్చీ పిడిని గట్టిగా పట్టేసింది. ఆ చేత్తో చెంబు కూడా ఎత్తకూడదని ఆస్పత్రిలో రోజూ చెబుతారు.

లేత నీలం చొక్కా చేతిమీద ఒక ఎర్రని చుక్క పడింది. చూస్తుండగానే అరచేయంత అయింది.

“లోపలికి,” అంది అత్తగారు పళ్ళ బిగువున. “లోపలికి తీసుకుపో.”

గుమ్మం అక్కడే ఉంది. రోడ్డు అంచు రాయి, మెట్టు, గడప, అంతే. ఆ నెత్తురు ఆగకపోతే ఏమవుతుందో నర్సు ఆమెకి బొమ్మ గీసి మరీ చెప్పింది. టైలరమ్మ మోకాళ్ళమీద కూర్చుంది. తను నెలల తరబడి దాచిపెట్టిన కుట్టుని రెండు చేతులా పట్టుకుని లాగింది. గుండీలన్నీ టపటపా ఊడిపోయాయి. ఉబ్బిన నరం, తడిసిన కట్టు, పాత సూదుల మచ్చలు పట్టపగలు రోడ్డుమీద బయటపడ్డాయి. రెండు వేళ్ళతో ఆ చోట నొక్కిపట్టింది.

మందుల షాపాయన పరిగెత్తుకొచ్చాడు. చేతిని ఒక్కసారి చూశాడు. ఏమీ అడగలేదు. వెనక్కిపోయి దూదీ గుడ్డా తెచ్చి ఆమె వేళ్ళకింద పెట్టి, “అలాగే నొక్కు. వదలకు” అన్నాడు.

“ఏమైంది? ఏం తగిలింది?” బేకరీ ఆయన, వెనక ఇంజనీరమ్మ, ఆ వెనక అందరూ.

“ఏం లేదు,” అన్నాడు గీతలాయన. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. “గీరుకుపోయిందంతే. ఏం లేదు.”

టైలరమ్మ తలెత్తి భర్తని చూసింది. తర్వాత అత్తగారిని చూసింది. వద్దని ఆవిడ కళ్ళు చెబుతున్నాయి. ఎప్పుడూ ఎవర్నీ దేనికీ బతిమాలని కళ్ళు. రేపు కాక ఎల్లుండి మళ్ళీ ఈ రోడ్డే దాటాలి. ఆ తర్వాత మళ్ళీ.

“గీరుకుపోలేదు,” అంది టైలరమ్మ. వేళ్ళు తీయకుండా, కూర్చున్నచోటినుంచే. “మోకాళ్ళూ కాదు. అత్తయ్యకి కిడ్నీలు పనిచేయవు. ఆ వ్యాను డయాలిసిస్‌ది. ఏడాదినుంచీ మీ అందరికీ అబద్ధం చెబుతున్నాం.”

బస్సు ఇంజను గురగురమంటోంది.

“ఇంకోటి కూడా వినండన్నయ్యా.” ఈసారి బేకరీ ఆయన్నే చూసింది. “మీరన్నది నిజం. మొదట మీవైపు గీసింది మా గుమ్మం చూసుకునే. అడిగి చేయించుకునే ధైర్యం లేక ఈయన దొంగచాటుగా గీశారు. మీరు పట్టుకునేసరికి, నిజం చెప్పే ధైర్యం లేక తెచ్చి తల్లిమీదే వేశారు. మీకు లారీ ఆగాలి, ఆ టీచరమ్మకి దారి కావాలి. మాకు ఒక వ్యాను పట్టేంత చోటు కావాలి. అంతకంటే లేదు.”

గీతలాయన టేపు చేతిలోంచి జారి, పొడవునా విప్పుకుంటూ రోడ్డుమీదికి దొర్లింది. ఆయన వంగి తీయలేదు.

టీచరమ్మ సైకిలు దిగి నిలబడింది. “అక్కా, ఈ దారి నాకు కావాలి. కాదనను. మీ గుమ్మం ముందు ఖాళీ వదిలితే, వ్యాను ఉన్నప్పుడు దిగి నడిపించుకుపోతాను. అరిగిపోతానా.”

“ఇంతమాత్రం వదలడానికి ఏముంది?” ఇంజనీరమ్మ గీతలాయన వైపు తిరిగింది. “ఒక్కమాట చెప్పుంటే మొదటిరోజే అయిపోయేది కదా.”

“మరి ఖాళీలు వదిలేటట్టయితే నా పిండిలారీకి కూడా...” అని మొదలుపెట్టాడు బేకరీ ఆయన.

“కాసేపు ఊరుకోవయ్యా,” అన్నాడు మందుల షాపాయన.

బేకరీ ఆయన ఊరుకున్నాడు. వెళ్ళి, గుమ్మానికి అడ్డంగా ఉన్న స్తంభాన్ని దిమ్మతో సహా ఎత్తి పక్కన పెట్టాడు. వెనక్కి తిరిగి కుర్చీలో ఉన్న మనిషిని చూసి, గొంతు తగ్గించి, “పాపం పెద్దమ్మా” అన్నాడు.

అత్తగారు కళ్ళు మూసుకుంది.

అన్నమాట ప్రకారం ఆవిడ ఆ రాత్రినుంచి కోడలి చేతి నీళ్ళు ముట్టలేదు. కొడుకు కొలిచి ఇస్తే తాగింది. కోడలు చేయి చాస్తే చొక్కా గుండీలు తనే పళ్ళతో పట్టుకుని మూసుకుంది. టైలరమ్మ బతిమాలలేదు. పక్కన నిలబడి, అది పూర్తయ్యేదాకా చూసి, దుప్పటి సర్ది వచ్చేసేది.

ఒక సాయంత్రం గీతలాయన వచ్చి మిషను పక్కన బల్లమీద కూర్చున్నాడు. “ఆ మాట నేను అనాల్సింది,” అన్నాడు.

“అవును,” అంది టైలరమ్మ. పెడలు మీద కాలు ఆపలేదు.

సైకిళ్ళ దారి ఇళ్ళవైపే వచ్చింది. వాళ్ళ గుమ్మం ముందు మాత్రం స్తంభాలు లేవు. ఆ ఖాళీలో నేలమీద నీలం రంగు వేసి, తెల్లగా చక్రాల కుర్చీ బొమ్మ గీశారు. మేడలమీదినుంచి చూసినా కనబడేంత పెద్దది. రంగు ఆరిన మర్నాడే వ్యాను వచ్చి సరిగ్గా దానిమీద ఆగింది. సాయంత్రం తిరిగొచ్చినప్పుడు బేకరీ ముందు కొనేవాళ్ళు చేతుల్లో పొట్లాలతో ఆగిపోయారు. మేడలమీద ఇద్దరు ముగ్గురు వంగి చూశారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ పలకరించలేదు.

టైలరమ్మ కుర్చీని గుమ్మంవైపు తిప్పబోయింది.

“అటు కాదు,” అంది అత్తగారు. అన్ని రోజుల తర్వాత కోడలితో మొదటిమాట. “వీధివైపు తిప్పు.”

తిప్పింది. అత్తగారు ఒక్కొక్కరినీ తీరిగ్గా చూసుకుంటూ వచ్చింది. ఆవిడ చూపు తగిలిన మనిషి తగిలినట్టే ఏదో పని గుర్తొచ్చి కదిలాడు. బేకరీ ఆయన అద్దాల బీరువా తుడవడం మొదలుపెట్టాడు. మేడలు ఖాళీ అయ్యాయి. ఆఖరికి మందుల షాపాయన ఒక్కడు మిగిలాడు. ఆయన తల ఊపి, తన పనిలో తను పడ్డాడు.

“ఇంటికి బోర్డు కట్టించావు,” అంది అత్తగారు నేలమీది బొమ్మని చూస్తూ. “ఇక దాచేదేముంది? బస్సెక్కి పోవడం మానేసి మందులు అక్కడే కొను.”

“సరే అత్తయ్యా.”

“పాపం అన్నాడంటే మాత్రం మళ్ళీ పాత షాపే.”

టైలరమ్మ కుర్చీ వెనక్కి తిప్పి గుమ్మం ఎక్కించింది.