రేపల్లె లైను

తెనాలిలోని ఒక విత్తనాల కంపెనీకి బాపట్ల, రేపల్లె ఆఫీసులతో సొంత టెలిఫోన్ లైన్లుండేవి. వాటి బాగోగులు చూసే పని ఎజ్రాది. రోజూ పొద్దున్నే రేపల్లెకు ఫోన్ చేసి, "వినపడుతోందాండీ?" అని అడిగేవాడు. అక్కడి గుమాస్తా దేవకుమారి "వినపడుతోందండి" అనేది. ఆరేళ్లలో ఆ ఒక్క మాటకు వానల కబుర్లు, చర్చి పాటలు, వాళ్లమ్మ మోకాళ్ల నొప్పులు వచ్చి చేరాయి. మనసులో మాట మాత్రం ఎజ్రా బయటపెట్టలేదు.

తొంభై ఏడులో ఆ పనిని హైదరాబాదు కంపెనీ ఒకటి దక్కించుకుంది. ఇక లైను తెగితే వాళ్ల కంప్యూటరే కనిపెడుతుంది. అందుకు కావలసిన పెట్టెను రేపల్లెలో బిగించడం ఎజ్రాకు ఆఖరి పని.

"అయితే ఇక మీరు ఫోన్ చెయ్యక్కర్లేదాండి?" అంది పక్కనే నిలబడి చూస్తున్న దేవకుమారి.

"అక్కర్లేదండి. అదే చూసుకుంటుంది."

ఆమె చేతిలోని రిజిస్టరు మూసింది. "కొల్లిపర సంబంధం ఖాయం చేస్తామంటున్నారు మావాళ్లు. మీతో ఓ మాట చెప్పాకే సరేనందామని ఆగాను."

ఉద్యోగం పోయినవాడు ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? "మంచిదండి" అన్నాడు ఎజ్రా.

స్టేషన్‌లో రైలెక్కబోయి, ఉండబట్టలేక వెనక్కి పరిగెత్తాడు. అప్పటికే ఆఫీసుకు తాళం వేశారు. మర్నాడు మళ్లీ వెళ్లడానికి ధైర్యం చాల్లేదు. ఆ నెలాఖరుకే ఆమె పెళ్లయిపోయింది.